అరువు తెచ్చుకున్న ఓటమి

సగటుగారికి ఆ పేరు పెట్టింది స్టాటిస్టిక్స్ లెక్చరరు. బిజినెస్ స్కూల్లో చదివిన రెండేళ్లలో ఎన్ని పరీక్షలు రాసినా ఆయన మార్కులూ క్లాసు సగటూ ఒక్కటే వచ్చేవి. ఒకసారి ఆ లెక్చరరుకి బోర్డు మీద లెక్క వెయ్యడానికి బద్ధకమేసి, "ఎందుకొచ్చిన శ్రమ, ఈయన పేపరు చూస్తే సరిపోతుంది" అన్నాడు. అంతే, కన్నవాళ్లు పెట్టిన పేరు సర్టిఫికెట్లకే పరిమితమైపోయింది. సగటు అన్న పేరు ఆయన వెంటే ఉద్యోగానికి వచ్చింది, ఇంటికీ వచ్చింది. భార్య మాత్రం కోపం వచ్చినప్పుడే ఆ పేరు వాడేది. అంటే వారానికి నాలుగైదు సార్లు.

ఫ్యాన్లూ రూమ్ హీటర్లూ తయారుచేసే కంపెనీలో ఆయన పంపిణీ విభాగం డిప్యూటీ మేనేజరు. ఏ నెలలో ఏ డిపోకి ఎన్ని ఫ్యాన్లు వెళ్లాలి, ఎన్ని హీటర్లు వెళ్లాలి అన్నది చూడటం ఆయన పని. ఇరవై నాలుగేళ్లుగా అదే కంపెనీ, అదే మూడో అంతస్తు. ఆయన కుర్చీ పక్కన ఒక కిటికీ ఉంది. కిటికీలోంచి చూస్తే పక్క బిల్డింగు గోడ కనిపిస్తుంది. గోడకి ఏటా సున్నం వేస్తారు కాబట్టి దృశ్యం మారడం లేదని మాత్రం అనడానికి లేదు.

ఆయన జీవితంలో చెప్పుకోదగ్గ గెలుపు లేదు, చెప్పుకోదగ్గ ఓటమీ లేదు. లోకంలో ఎక్కువమంది అలాంటివాళ్లే. లోకం నడుస్తున్నదీ వాళ్ల వల్లే. కానీ ఆ సంగతి పిలిచి చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. సగటుగారికి తన అనుభవసారం ఎవరికైనా చెప్పాలని మహా కోరిక. ఆఫీసులో వినేంత తీరిక ఎవరికీ లేదు. ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు గానీ, ఆయన "నా అనుభవంలో..." అని గొంతు సవరించుకోగానే ఇద్దరికీ ఒకేసారి ఫోన్లు వచ్చేవి.

అందుకే ఏడేళ్ల కిందట బిజినెస్ స్కూలు నుంచి ఉత్తరం వచ్చినప్పుడు ఆయనకి కాళ్లు నేలమీద ఆనలేదు. పూర్వ విద్యార్థులు నెలకోసారి వచ్చి ఇప్పటి విద్యార్థులకి ఉద్యోగాల దారి చూపించాలట. ఉత్తరంతోపాటు ఒక ఫారం వచ్చింది. చదువు, హోదా, అనుభవం అన్నీ నింపాక చివర్లో ఒక పెద్ద గడి ఉంది. 'మీ జీవితంలో అతి పెద్ద ఓటమి, దాన్నుంచి మీరు నేర్చుకున్న పాఠం.' సగటుగారు ఆ గడి దగ్గర ఒక పూటంతా ఆలోచించి, నిజాయితీగా 'లేదు' అని రాసి పంపారు.

అదే ఆయన చేసిన పొరపాటు. ఆ ఫారాలన్నీ కలిపి స్కూలువాళ్లు చిన్న పుస్తకం వేస్తారు. విద్యార్థులు అది చదివి తమకి నచ్చిన మనిషి బల్ల దగ్గరికి వెళ్లి కూర్చుంటారు. హాల్లో పన్నెండు గుండ్రటి బల్లలు. ఒకటో బల్ల దగ్గర రెండుసార్లు కంపెనీ మునిగిన ఆయనకి జనం కిక్కిరిసి నిలబడ్డారు. నాలుగో బల్ల దగ్గర ఉద్యోగంలోంచి తీసేసిన ఆవిడకి కుర్చీలు చాలక పక్క గదిలోంచి తెచ్చారు. పదకొండో బల్ల దగ్గర సగటుగారు కొత్త చొక్కా తొడుక్కుని, ఎదురుగా ఉన్న ప్లేటులో బిస్కెట్లు ఒక్కొక్కటే తింటూ మూడు గంటలు కూర్చున్నారు. ఒకమ్మాయి వచ్చింది. ప్లగ్గు ఎక్కడుందో అడిగి, ఫోను చార్జింగుకి పెట్టుకుని వెళ్లిపోయింది.

పూర్వ విద్యార్థుల వ్యవహారాలు చూసే మేడమ్ జాలిపడింది. "ఏమీ అనుకోకండి సార్. పిల్లలకి గెలిచినవాళ్లంటే భయం, ఓడిపోయి గెలిచినవాళ్లంటే ఇష్టం. వచ్చే ఏడు ఆ ఆఖరి గడి కాస్త గట్టిగా రాయండి" అంది.

మరుసటి ఏడు సగటుగారు గట్టిగానే రాశారు. సొంతంగా లేదు కాబట్టి ఇంకొకరిది రాశారు. ఇతరుల గెలుపు తనదని చెప్పుకునేవాళ్లని చూశాం గానీ, ఇతరుల ఓటమి కాజేసినవాణ్ణి ఆ స్కూలువాళ్లు తప్ప ఎవరూ తయారుచెయ్యలేరు.

ఆ ఓటమి అసలు సొంతదారుణ్ణి ఆఫీసులో నిచ్చెన అనేవారు. ఆరడుగుల పైన రెండంగుళాలు. పై అరలో ఫైలు కావాలంటే అందరూ ఆయన్నే కేకేసేవారు. పెద్ద చదువులేమీ లేవు, గుమస్తాగా చేరి పైకొచ్చాడు. మొదటి మూడేళ్లూ సగటుగారూ ఆయనా ఒకే గదిలో అద్దెకి ఉన్నారు, పక్కపక్క కుర్చీల్లో పనిచేశారు. తర్వాత, సగటుగారికి పెళ్లయిన కొత్తలో, ఒక నెల పంపిణీ పట్టిక వెయ్యడంలో నిచ్చెన పప్పులో కాలేశాడు. రెండు వరసలు తారుమారయ్యాయి. మండుటెండల్లో సముద్రం ఒడ్డు డిపోకి హీటర్లు వెళ్లాయి, మంచు కురిసే కొండ డిపోకి నాలుగు వేల ఫ్యాన్లు వెళ్లాయి. పెద్ద మేనేజరు నలభైమందిని హాల్లో కూర్చోబెట్టి, ఇది ఎవరి నిర్వాకమని గర్జించాడు. నిచ్చెన లేచి నిలబడి, "తప్పు నాదేనండి" అన్నాడు. వారం తిరక్కుండా ఉద్యోగం ఊడింది.

సగటుగారు రాసుకున్న కథలో మాత్రం లేచి నిలబడింది సగటుగారు. ఆ మాట అన్నదీ ఆయనే. ఆ నిజాయితీకి కరిగిపోయి పెద్ద మేనేజరు భుజం తట్టాడు. మూడు నెల్లకి ప్రమోషన్ ఇచ్చాడు.

ప్రమోషన్ సంగతి నిజమే. నిచ్చెన ఖాళీ చేసిన కుర్చీ అది. సగటుగారు కథలో రాయనిది ఇంకొకటుంది. పంపిణీ పట్టిక కింద రెండు సంతకాలుండేవి. 'తయారుచేసినవారు' అన్నచోట నిచ్చెన సంతకం. 'సరిచూసినవారు' అన్నచోట సగటుగారి సంతకం. భోజనానికి వెళ్లే తొందరలో, లిఫ్టు కోసం నిలబడి, కాగితం గోడకి ఆనించి, ఒక్క అంకె కూడా చూడకుండా గీకిన సంతకం. ఆ రోజు హాల్లో రెండో సంతకం గురించి ఎవరూ అడగలేదు. అడగనిదే చెప్పే అలవాటు సగటుగారికి లేదు. మిగతా విషయాల్లో ఉందనుకోండి.

ఇక చూస్కోండి, పదకొండో బల్ల దశ తిరిగింది. ఏడాదికేడాదీ కథకి చిలవలు పలవలు మొలిచాయి. నాలుగు వేల ఫ్యాన్లు ఏడు వేలయ్యాయి, పన్నెండు వేలయ్యాయి, నలభై వేల దగ్గర ఆగాయి. హాల్లో గుండుసూది పడితే వినిపించే నిశ్శబ్దం వచ్చి చేరింది. సగటుగారు 'ఒప్పుకో, ఓర్చుకో, ఎదుగు' అని మూడు మెట్ల సూత్రం కనిపెట్టారు. దాన్ని పిల్లలు ఫోన్లలో ఫొటో తీసుకునేవారు. భార్య ఒకసారి ఆ పుస్తకం తిరగేసి, "నలభై వేలా? మీ కంపెనీ అప్పట్లో ఏడాదంతా చేస్తే అన్ని ఫ్యాన్లయ్యేవా?" అంది.

"స్ఫూర్తి కోసం కాస్త పెంచాను."

"పెంచితే పెంచారు. లేచి నిలబడ్డది మీరెప్పుడు? ఆ సాయంత్రం నాతో ఏమన్నారో గుర్తుందా? కుర్చీలోంచి కదిలితే ఒట్టు, దేవుడు కాపాడాడు అన్నారు."

సగటుగారు పుస్తకం లాక్కుని అలమరలో పెట్టేశారు.

ఈ ఏడు స్కూలువాళ్లు ఉత్తమ మార్గదర్శి అనే బహుమతి పెట్టారు. శనివారం ఉదయం సభ. ఏడేళ్ల సేవకిగాను అది సగటుగారికే అని మేడమ్ ముందే చెవిన వేసింది. సభలో ఆ ఫ్యాన్ల కథ ఆయన నోటివెంటే వినాలని పిల్లలు ముచ్చటపడుతున్నారంది. సగటుగారు అద్దం ముందు నిలబడి చెమ్మగిల్లిన గొంతు సాధన చెయ్యడం మొదలుపెట్టారు.

సభ ఇంకా ఆరు రోజులుందనగా ఒకమ్మాయి పదకొండో బల్ల దగ్గరికి ఒంటరిగా వచ్చింది. చివరి ఏడాది విద్యార్థిని. అందరూ వెళ్లిపోయేదాకా ఆగి, బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బాగా పొడుగు. కూర్చున్నా సగటుగారు తలెత్తి చూడాల్సి వచ్చింది.

"సార్, నా సంగతి కాస్త వేరు. ఉద్యోగం ఎలా తెచ్చుకోవాలని కాదు. వచ్చేసింది. ఉంచుకోవాలా వద్దా అని."

రెండు నెలలు శిక్షణకి వెళ్లిన కంపెనీలోనే ఆ అమ్మాయికి ఉద్యోగం ఖాయమైంది. నగరమంతా దుకాణాలున్న పెద్ద సంస్థ. శిక్షణలో భాగంగా పెరుగు డబ్బాలు ఎన్ని తెప్పించాలో అంచనా వేసింది. వారానికి కావలసిన అంకెని రోజుకి కావలసిన గడిలో రాసింది. గోడౌనుకి ఏడింతల సరుకు వచ్చిపడింది. చల్లటి గదిలో పట్టినంత పట్టింది, మిగతాది బయట పులిసి, ఉబ్బి, పగిలింది. అంకె సంగతి ఎవరూ పట్టించుకోలేదు. సరుకు సరిగ్గా దాచలేదని గోడౌను సూపర్‌వైజరు మీద విచారణ వేశారు. ఇంకో రెండేళ్లలో రిటైరయ్యే మనిషి. వచ్చే శుక్రవారం ఆయన్ని తీసేస్తారు.

"నేను చెబితే ఆయన ఉద్యోగం నిలబడుతుంది. నాది పోతుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఇంట్లో నాన్న నోరు మూసుకోమంటున్నారు. మీ కథేమో నోరు తెరవమంటోంది. అందుకే వచ్చాను."

సగటుగారికి ఒళ్లు పులకరించింది. ఏడేళ్లలో ఇంత అతికినట్టు సరిపోయే అవకాశం రాలేదు మరి. కళ్లు అరమోడ్చి, గుండుసూది నిశ్శబ్దంతో సహా మొత్తం చెప్పారు. మూడు మెట్లూ ఎక్కించారు. "ఒప్పుకున్నవాడు ఎప్పటికీ చెడిపోడమ్మా. నన్నే చూడు" అని ముగించారు.

ఆ అమ్మాయి శ్రద్ధగా విని, "ఆ ఫ్యాన్లు నలభై వేలా సార్?" అంది.

"దగ్గర దగ్గర."

"మా నాన్న నాలుగు వేలే అంటారు."

సగటుగారికి వెంటనే ఎక్కలేదు. "మీ నాన్నగారికి ఎలా తెలుసు?"

"ఆయన మీ ఆఫీసులోనే పనిచేసేవారు సార్. అక్కడ ఆయన్ని నిచ్చెన అనేవారట."

సగటుగారి నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. బల్ల మీది నీళ్ల గ్లాసు అందుకుని, ఖాళీదని చూసుకోకుండా తాగారు.

"మీరిద్దరూ లేచి నిలబడ్డారా సార్?" ఆ అమ్మాయి గొంతులో వెటకారం లేదు, అదే ఎక్కువ బాధ. "ఒకే రోజు, ఒకే ఫ్యాన్ల కోసం?"

"అది... అదొక టీమ్ వర్కమ్మా."

"నాన్నకి మీ పుస్తకం చూపించలేదు. చూపిస్తే నవ్వేసి ఊరుకుంటారు. ఆయన నవ్వి ఊరుకోవడం నేను చూడలేను. నాకు మీతో గొడవ అక్కర్లేదు సార్. మీరు ఆ హాల్లో ఉన్నారు, కళ్లారా చూశారు. నాకు ఒక్కటే కావాలి, నిజం. ఒప్పుకున్నాక మా నాన్న ఏమయ్యారో నాకు తెలుసు. పదహారేళ్లు లారీ ఆఫీసులో సరుకు రసీదులు రాశారు. పట్టిక మీద రెండో సంతకం ఒకటుందని చెప్పేవారు, ఎవరిదో ఎప్పుడూ చెప్పలేదు. నోరు మూసుకున్న ఆ మనిషి ఏమయ్యాడు సార్?"

ఏమయ్యాడు? డిప్యూటీ మేనేజరయ్యాడు. మూడు గదుల ఇల్లు కొనుక్కున్నాడు. ఒక్క రాత్రీ నిద్ర చెడలేదు. ఎదురుగా కూర్చుని నీళ్లు లేని గ్లాసు తాగుతున్నాడు. ఇది చెబితే ఆ పిల్ల నోరు మూసుకోవడమే లాభమని నేర్చుకుంటుంది. చెప్పకపోతే లేని ప్రమోషన్ని నమ్ముకుని ఉద్యోగం పోగొట్టుకుంటుంది. సగటుగారు ఇంత ఆలోచించారని మీరు అనుకుంటే ఆయన్ని మీరింకా సరిగ్గా అర్థం చేసుకోలేదు. ఆయన ఆలోచించింది శనివారం గురించి.

"ఆయనెవరో... బదిలీ అయిపోయాడమ్మా. సరిగ్గా గుర్తులేదు."

"మరి నన్నేం చెయ్యమంటారు?"

"అంటే, ప్రతిదీ సందర్భాన్ని బట్టి ఉంటుంది. ఎవరి పరిస్థితి వారిది. తొందరపడకూడదు." సగటుగారు నీళ్లు నమిలారు. "మీ నాన్నగారు అనుభవజ్ఞులు. ఆయన చెప్పినట్టు చెయ్యి."

"పుస్తకంలో చెప్పమని రాశారు, నాకు వద్దంటున్నారు. రెండిట్లో ఏది మీ మాట సార్?"

సగటుగారు చేతి గడియారం చూసుకుని, మీటింగుందని లేచారు. ఆదివారం నాడు ఆయనకి మీటింగేమిటో ఆ అమ్మాయి అడగలేదు. నమస్కారం పెట్టి వెళ్లిపోయింది.

ఇంటికెళ్లి భార్యకి చెప్పారు. చెప్పాలని కాదు, ఆవిడ మొహం చూడగానే పట్టేసి గుచ్చి గుచ్చి అడిగింది. అంతా విని ఆవిడ బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది.

"ఆయన ఉద్యోగం పోయాక మనం ఒక్కసారైనా కనుక్కున్నామా, ఎలా ఉన్నారని?" అంది.

"అడ్రసు తెలియలేదుగా."

"ఊళ్లో లారీ ఆఫీసులు ఎన్నున్నాయి గనక? మన సామాను కొత్తింటికి వచ్చిందీ పాత వీధి చివర లారీ ఆఫీసు నుంచే కదండీ. కనుక్కుంటే తెలిసేది." మడతపెట్టిన దుప్పటి ఆయన ఒళ్లో పడేసింది. "వెళ్లి ఆ పిల్లకి నిజం చెప్పండి, సగటుగారూ."

సగటుగారు వెళ్లలేదు. శుక్రవారం వచ్చింది, పోయింది. ఆ రోజు ఆఫీసులో ఫోను మోగిన ప్రతిసారీ ఆయన ఉలిక్కిపడ్డారు. ఒక్క ఫోనూ ఆ అమ్మాయిది కాదు. ఇక గండం గడిచినట్టేనని సాయంత్రం టీ తాగుతూ తనకి తానే నచ్చజెప్పుకున్నారు.

శనివారం సభకి హాలు నిండింది. విద్యార్థుల ఇంటివాళ్లని కూడా పిలిచారు. సగటుగారు వేదిక మీద, భార్య మొదటి వరసలో. వేదిక ఎక్కకముందు పక్క వరండాలో ఆ అమ్మాయి ఎదురొచ్చి, తానే ముందు పలకరించింది. "నిన్న చెప్పేశాను సార్. సూపర్‌వైజరుగారిని ఉంచారు. నా ఉద్యోగం తీసేశారు. రాతలో ఇవ్వలేదు, రావద్దన్నారు." మొహంలో నిద్రలేమి తప్ప ఏమీ కనిపించలేదు. "నాన్న కూడా వచ్చారు. ఇంట్లో ఒక్కరే కూర్చుని బాధపడతారని నేనే తీసుకొచ్చాను" అంది.

సగటుగారు గబగబా వేదికెక్కారు. వేదిక మీద కూర్చుని వెతికితే కష్టపడకుండానే కనిపించాడు. మూడో వరసలో అందరికంటే ఒక తల పైకి. జుట్టు నెరిసింది. ప్రతి కుర్చీలోనూ స్కూలువాళ్లు ఆ చిన్న పుస్తకం పెట్టారు. నిచ్చెన కళ్లద్దాలు పైకి నెట్టి, పుస్తకం మొహానికి దగ్గరగా పెట్టుకుని, ఒక పేజీ దగ్గర ఆగిపోయాడు. ఆ పేజీ ఏదో సగటుగారికి అంత దూరం నుంచీ తెలుసు. చదివి, పుస్తకం మూసి, వేదిక వైపు చూశాడు.

మేడమ్ మైకులో ఫ్యాన్ల మహాపురుషుణ్ణి పిలిచింది. సగటుగారు లేచి నిలబడ్డారు. సాధన చేసిన గొంతు చెమ్మగిల్లలేదు, ఎండిపోయింది. ఆ తర్వాత ఆయన చేసిన పనిని అంతరాత్మ ప్రబోధం అని కొందరన్నారు. అదేం కాదు. మూడో వరసలో ఆ మనిషి చూస్తుండగా ఆ కథ చెప్పడానికి నోరు తిరగలేదు, అంతే. పట్టుబడ్డవాడికి నిజం చెప్పడం తప్ప ఇంకో దారి దొరకలేదు.

"ఈ పుస్తకంలో కథ నాది కాదు" అన్నారు. "ఆ రోజు లేచి నిలబడ్డది మూడో వరసలో కూర్చున్న ఆయన. నేను కూర్చునే ఉన్నాను. ఆ కాగితం సరిచూశానని సంతకం పెట్టింది నేను. చూడలేదు. ఆయన ఉద్యోగం పోయింది, ఆయన కుర్చీ నాకొచ్చింది. ఫ్యాన్లు నాలుగు వేలే."

మొదటి వరసలో భార్య కళ్లు తుడుచుకుంది. ఆవిడకి నిజంగానే ఆయన మీద గౌరవం కలిగింది, చాలా ఏళ్ల తర్వాత. ఎక్కడో వెనక ఒకడు చప్పట్లు మొదలుపెట్టాడు. ఇంకొకడు అందుకున్నాడు. చూస్తుండగానే హాలు హాలంతా లేచి నిలబడింది. పిల్లలు ఫోన్లు పైకెత్తారు. మేడమ్ బహుమతి ఆయన చేతుల్లో పెడుతూ చెవిలో, "అద్భుతం సార్! పాతదానికంటే ఇది పదిరెట్లు బాగుంది. వచ్చే ఏడు పుస్తకంలో ఇదే వేద్దాం" అంది.

సగటుగారు దిగొచ్చేసరికి ఒళ్లంతా తేలికైంది. నిచ్చెన తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, పక్కన కూతురు. సగటుగారు చేతులు పట్టుకోబోయారు గానీ ఒక చేతిలో బహుమతి ఉండడంతో కుదర్లేదు.

"ఒరేయ్, ఎన్నాళ్లయిందిరా" అన్నాడు నిచ్చెన. గొంతు అదే. "నన్ను గొప్పవాణ్ణి చేసేశావు. ఆ రోజు నీ పేరు కూడా చెబుదామనే లేచాను. ఆ పెద్దాయన మొహం చూసేసరికి గొంతు పట్టేసింది. ఒక్క ముక్కకే సరిపోయింది."

"నన్ను క్షమించరా."

"సర్లే, అయిపోయిందేదో అయిపోయింది." నిచ్చెన కూతురి వైపు చూసి, గొంతు తగ్గించాడు. అడగడం అలవాటులేని మనిషి, బూటు ముందుభాగం నేలకి రాస్తూ అడిగాడు. "దీని సంగతి చెప్పే ఉంటుంది నీకు. ఎక్కడికెళ్లినా ఆ కంపెనీలో ఎందుకు తీసేశారని అడుగుతారు. ఇది అబద్ధం చెప్పదు. నాకు అదే దిగులు. మీ విభాగంలో ఏమైనా ఉందేమో చూస్తావా?"

ఉంది. సగటుగారి విభాగంలో మూడు నెల్లుగా ఒక కుర్చీ ఖాళీ. మనిషి లేక పని నడవడం లేదని ఆయన రోజూ ఇంట్లో గోల. పంపిణీ పట్టికలు వేసే పనే. సగటుగారు ఒక కాగితం మీద రాసిస్తే చాలు, ఎవరూ కాదనరు. కాకపోతే తప్పు జరిగిన రోజున తప్పు జరిగిందని చెప్పేసే మనిషి తన పక్క కుర్చీలో, తన సంతకం కింద. రేపు పెద్దవాళ్లు, ఈ అమ్మాయిని ఆ కంపెనీ ఎందుకు వద్దంది, మీరెందుకు తెచ్చారు అని అడగవచ్చు. ఇవన్నీ ఆయన బుర్రలో ఒక్క క్షణంలో తిరిగాయి. పెదవులు వాటంతటవే కదిలాయి.

"తప్పకుండా. రెజ్యూమె పంపమను. చూద్దాం."

నిచ్చెన "సరే" అన్నాడు. ఆ మాట చాలా ఆఫీసుల్లో విన్నవాడు, ఎలా తీసుకోవాలో తెలుసు. ఆ అమ్మాయి ముందుకొచ్చి, తండ్రి భుజం మీది నూలుపోగు తీసేసి, "పద నాన్నా, బస్సు దొరకదు" అంది. ఇద్దరూ మెట్లు దిగి వెళ్లిపోయారు.

కారులో బహుమతి వెనక సీట్లో దొర్లుతోంది. భార్య కాసేపు కిటికీలోంచి చూసి, "మీ దగ్గర ఆ కుర్చీ నిండిందా?" అని అడిగింది.

"ఏ కుర్చీ?"

"మూడు నెల్లుగా మనిషి లేడని తల తినేస్తున్నారే, అది."

"ఇంకా లేదు."

"అయితే ఆగండి. బస్‌స్టాపులోనే ఉంటారు. ముందు సిగ్నల్ దగ్గర వెనక్కి తిప్పండి."

సిగ్నల్ వచ్చింది. పచ్చగానే ఉంది, తిప్పుకోవడానికి దారి ఖాళీగానే ఉంది. సగటుగారు రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని నేరుగా పోనిచ్చారు.

"సోమవారం ఫోన్ చేస్తాలే" అన్నారు.

ఏ సోమవారం అని ఆవిడ అడగలేదు.